ఊ కొట్టినందుకు

నేను ‘ఊ’ అన్న మాట నిజం. దాన్ని అప్పుడూ కాదనలేదు, ఇప్పుడూ కాదనను. నాలుగేళ్ళ కిందటి సంగతి. ఆనాటి డైరీలో ఆ రోజుకు రెండే పంక్తులు ఉన్నాయి. వాటి పక్కన ఉండవలసినదంతా ఇప్పుడు రాస్తున్నాను. యుద్ధం వచ్చి కాగితం కరువైంది కాబట్టి, నా బడి పిల్లలు వాడి వదిలేసిన లెక్కల పుస్తకంలో వెనక పుటల మీద రాస్తున్నాను.

మా ఊరు కుందూ ఏటికి దగ్గర. ఇళ్ళ గోడలు, నేల, కప్పు అన్నీ నాపరాళ్ళే. ఎండాకాలంలో మధ్యాహ్నానికి ఇల్లంతా పెనంలా కాలుతుంది. నాయన మిషను బడిలో ఉపాధ్యాయుడు. దాంతో పాటు మూడెకరాల ఎర్రనేల ఉండేది. బడి సెలవుల్లో విత్తనానికి వేరుశనగ కాయలు వలవడం మా ఇంట్లో ఆడవాళ్ళ పని. గింజ మీది పలచటి పొర చిట్లితే మొలక రాదు. అందుకని చేత్తోనే, ఒక్కొక్క కాయే వలవాలి.

వసారాలో అవ్వ, నేను ఎదురెదురుగా కూర్చుని వలిచేవాళ్ళం. చిన్నప్పుడు ఆ పని నడిచినంతసేపూ అవ్వ కథలు చెప్పేది. ఆమె పెట్టిన నియమం ఒకటే. వినేవాళ్ళు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది, మళ్ళీ ఎంత బతిమాలినా ఆ రోజుకు మొదలుకాదు. అట్లా నాకు అలవాటైంది. ఎదుటివాళ్ళు ఊపిరి తీసుకునే చోట నా గొంతు దానంతట అదే ‘ఊ’ అంటుంది. నిద్రలో కూడా అంటానని అమ్మ నవ్వేది. తర్వాత అవ్వకు చెవుడు వచ్చింది, కథలు తగ్గిపోయాయి. నా ఊ మాత్రం మిగిలింది. దాన్ని మించి బయటివాళ్ళ ముందు నా నోట మాట వచ్చేది కాదు.

కథలు ఆగిన చోట పుస్తకాలు మొదలయ్యాయి. నాయనకు కథల పుస్తకాలంటే గిట్టదు. అవి అబద్ధాల మూటలని, అవి చదివే పిల్లను ఊరు దాటించకూడదని ఆయన నమ్మకం. ఆ ఏడు బడికి వచ్చిన సుద్దముక్కల పెట్టె అడుగున ఒక కథల పత్రిక పరిచి ఉంది. ముందూ వెనకా చిరిగిపోయినది. దాన్ని నేను దాచుకున్నాను. ఒడిలో తెరిచి పెట్టుకుని, పైన చాట పెట్టుకునేదాన్ని. చాటను కొంచెం జరిపితే నాలుగు పంక్తులు కనిపిస్తాయి. చేతులు కాయలు వలుస్తుంటాయి, కళ్ళు చదువుతుంటాయి. అవ్వకు చెవులు పోయినా చూపు బాగానే ఉండేది. అంతా చూసేది. ఎవరికీ చెప్పలేదు.

ఆ వేసవిలోనే నాకు కర్నూలు నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి ఆడవాళ్ళ ట్రెయినింగు బడిలో నాకు చోటు ఇచ్చారు. సెలవులు అయిపోగానే చేరాలి. పెళ్ళికాని వాళ్ళకే ఆ చోటు అని కింద ఎర్రసిరాతో రాసి ఉంది. ఆ ఉత్తరాన్ని డైరీలో అంటించుకుని రోజూ చదువుకునేదాన్ని.

నేను ఊ అన్న అతను ఎనిమిది మైళ్ళ అవతలి ఊళ్ళో పంతులు. ఆదివారాలు మా చర్చిలో పాటలు ఎత్తుకునేది అతనే. అందుకని అందరూ పాటల పంతులు అనేవాళ్ళు. మంచి గొంతు, నల్లటి సైకిలు, నున్నగా దువ్విన జుట్టు. నాయన దగ్గర వ్యాకరణం పుస్తకాలు అడిగి తీసుకునే నెపంతో వారానికి రెండుసార్లు వచ్చేవాడు. నాయన ఇంట్లో లేకపోతే వసారా మెట్టు మీద కూర్చుని, అవ్వను పలకరించి, ఆ తర్వాత నాతో మాట్లాడేవాడు.

నాతో అనడం సరికాదేమో. నా వైపు తిరిగి మాట్లాడేవాడు. తన బడి సంగతి, తన ఇన్‌స్పెక్టరు తనను మెచ్చుకున్న సంగతి, తను కట్టించబోయే ఇంటి సంగతి. నేను ఊ అంటుండేదాన్ని. ఒకరోజు తలెత్తి విన్న మాట ఒకటి నాకు గుర్తుంది.

“మాట్లాడేటోళ్ళ మనసు అందరికీ తెలుస్తాది. మాట్లాడనోళ్ళ మనసు తెల్సుకునేదే విద్దె. ఆ విద్దె నాకుండాది” అన్నాడు.

ఇది విని నేను మళ్ళీ పత్రికలోకి తల దించుకున్నాను. అతను నవ్వాడు. సిగ్గు అనుకున్నాడని తర్వాత తెలిసింది.

నాలుగు రోజుల తర్వాత, ఒక శనివారం సాయంత్రం, నాయన కాళ్ళు కడుక్కుంటూ నన్ను పిలిచాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

“ఏమ్మా, పాటల పంతులు పెండ్లి మాట అడిగితే నువ్వు ఊ అన్నావంట. నిజమేనా?”

ఏ మాటకు, ఎప్పుడు అన్నానో తెలియదు. కానీ ఊ అనకుండా ఉన్నానని ఎట్లా చెప్పను? ఆ వసారాలో నేను అతనితో వందసార్లు ఊ అన్నాను.

“ఊ అంటి నాయనా, గానీ...” అన్నాను. గానీ తర్వాతి మాట నా పెదవులు దాటలేదు.

“ఇంగేం” అన్నాడు నాయన. “ఊరంతా పిల్లల్ని అడక్కుండా కట్టబెడ్తాండారు. నా బిడ్డను అడిగినాకనే చేస్తానని నేనెప్పుడో అనుకుంటి. అది నెరవేరింది.” ఆ మాటతో తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మా వాళ్ళలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చేస్తారు. అబ్బాయి పేరు, అమ్మాయి పేరు చదివి, ఈ పెళ్ళికి అడ్డు చెప్పేవాళ్ళు ఉంటే చెప్పండి అని అడుగుతారు. మూడుసార్లూ ఎవరూ మాట్లాడకపోతే ఇక అది అయిపోయినట్టే. మరునాడే మొదటి ప్రకటన. పాస్టరు అయ్యగారు ఆదివారం మాత్రమే టౌను నుంచి బండి కట్టించుకుని వచ్చేవారు. ఆయన కాగితం చూసి, తల ఎత్తకుండా, అతని పేరు పక్కన నా పేరు చదివారు. అడగవలసిన మాట అడిగారు. జవాబు కోసం ఆగలేదు. ఎవరూ చెప్పరని ఆయనకు తెలుసు. ఆడవాళ్ళ చాపల మీద నా చుట్టూ ఉన్నవాళ్ళు నా వీపు తట్టారు.

ఇంటికి వచ్చి డైరీ తీసి చూశాను. అతను చివరిసారి వచ్చిన రోజు కింద ఇట్లా ఉంది: ‘కథలో పిల్ల ఒక్కతే పుట్టి ఎక్కింది, ఏరు నిండుగా ఉంది. పాటల పంతులు వచ్చి శానాసేపు కూర్చున్నాడు, ఏం చెప్పినాడో.’

పుట్టి అంటే ఏరు దాటే గుండ్రటి బుట్ట పడవ. ఆ పిల్ల దాన్ని తిప్పుకుంటూ వరదలోకి పోతుంటే, ఇక్కడ నా నోరు నన్ను పెళ్ళికి ఒప్పించింది.

అమ్మకు చెప్పబోయాను. వంటింట్లో జొన్నపిండి కలుపుతోంది.

“అమ్మా, నాకు ఆ పెండ్లి వద్దు.”

“మల్ల ఊ ఎందుకంటివే?”

“ఊరికే వచ్చింది.”

“ఊరికే వస్తాదా? మా కాలంలో మమ్మల్ని అడిగినోళ్ళు ఎవరు? మీ నాయన నీ నోటి మాట పట్టుకుని ఇంత సంబరపడ్తాంటే, ఇంగ ఏం మొగం పెట్టుకుని పోయి చెప్పేది నేను?” అంది. పిండి మళ్ళీ కలపసాగింది. అసలు కారణం చెప్పాలంటే పత్రిక సంగతి చెప్పాలి. చెబితే కర్నూలు మాట అక్కడితో సరి. చెప్పకపోయినా సరి. ఎటు తిరిగినా గోడే.

రాత్రింబవళ్ళు ఆలోచించి ఒక ఉపాయం చేశాను. మాట్లాడటం రాకపోయినా రాయడం వచ్చు గదా. రెండో ఆదివారం ఒక కాగితం మీద ‘నాకు ఈ పెళ్ళి ఇష్టం లేదు’ అని రాసి, మడిచి, పిడికిట్లో పెట్టుకుని వెళ్ళాను. రెండో ప్రకటన కూడా అయింది. ఆరాధన ముగిశాక వాకిట్లో అయ్యగారి దగ్గరికి వెళ్ళి, చెయ్యి చాపాను. అయ్యగారి పక్కనే అతను పాటల పుస్తకాలు పట్టుకుని నిలబడ్డాడు. నా చేతిలో కాగితం చూసి అతని కళ్ళు మెరిశాయి. తనకే అనుకున్నాడు.

“అందరి ముందరా?” అని మెల్లగా నవ్వి, నా వేళ్ళ మధ్య నుంచి కాగితం తీసుకుని, జేబులో పెట్టుకున్నాడు. అయ్యగారు ఏదో తెలిసినట్టు తల పంకించి బండి ఎక్కారు.

సరే, చదివితే తెలుస్తుంది కదా అనుకున్నాను. రెండు రోజులు ప్రతి సైకిలు గంటకూ ఉలిక్కిపడ్డాను. బుధవారం మధ్యాహ్నం వచ్చాడు. ముఖంలో కోపం లేదు. మెట్టు మీద కూర్చుని కాగితం తీసి మోకాలి మీద చదునుగా పరిచాడు.

“నీ అచ్చరాలు శానా బాగుండాయి” అన్నాడు.

నేను చాట కింద ఏమీ పెట్టుకోలేదు ఆ రోజు. ప్రతి మాటా విన్నాను.

“భయపడినావు. తప్పు ల్యా. పెండ్లంటే ఏ ఆడపిల్లకైనా భయమే. చూడు ఈడ, ‘ఇష్టం’ అని నిటారుగా రాసినావు. ‘లేదు’ కాడ చెయ్యి వణికింది. కొమ్ము వంకర పోయింది. మనసు ఒప్పకనే గదా అట్ల వణికింది?”

“నేను... ట్రెయినింగు పోవల్ల” అన్నాను. ఆ మూడు మాటలకు నా వీపంతా చెమట పట్టింది.

“ఎందుకు? నేను ట్రెయినింగు అయినోన్నే గదా. ఇంట్లోనే నీకు అన్నీ చెప్తా. నువ్వు ఎప్పటి మాదిరి ఊ కొడ్తా ఇంటే చాలు.” కాగితం మడిచాడు. తర్వాత గొంతు మారింది. “నీకొక మాట చెప్తా. నా మాటలు ఇంతసేపు ఎవరూ ఇనరు. మా అమ్మ గూడా లేచిపోతాది. నువ్వొక్కదానివే ఇన్నావు. ఆ పొద్దు ‘నా ఇంట్లో దీపం పెడ్తావా’ అని అడిగినాక, నువ్వు తల గూడా ఎత్తకుండా ఊ అంటివి చూడు, సైకిలు తొక్కుకుంటా పోతా ఎనిమిది మైళ్ళూ పాడతానే ఉన్నా.”

అతని కళ్ళలో తడి ఉంది. అబద్ధం ఆడి ఉంటే, బెదిరించి ఉంటే నాకు సులువుగా ఉండేది. అతను ఒక్క మాట కూడా కల్పించి చెప్పలేదు. నేను ఏమన్నా, ఏం రాసినా, దాన్ని తన వైపు తిప్పుకోగలడు. దాన్నే ప్రేమ అనుకుంటున్నాడు.

“ఈ కాగితం దాచిపెట్టుకుంటా. ముసలోళ్ళమైనాక చూసి నవ్వుకుందాం” అని లేచాడు. “నువ్వు ఇంగ దేనికీ మాట్లాడాల్సిన పని ల్యా. నీ తరపున గూడా నేనే మాట్లాడతా.”

సైకిలు మలుపు తిరిగేదాకా అవ్వ కాయలు వలుస్తూనే ఉంది. తర్వాత, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా అడిగింది.

“ఆ పొద్దు నువ్వు ఇన్లేదు గదా మే?”

వినలేదని తల అడ్డంగా ఊపాను.

“మల్ల ఆ మాట చెప్పు. ఇష్టం ల్యాదంటే, ఇష్టం వస్తాది లే అంటారు. భయమంటే, పోతాది లే అంటారు. ఇన్లేదంటే ఏమంటారు?”

నేను చాట వైపు చూశాను. పుస్తకం సంగతి బయటపడుతుందని ఆమెకు చెప్పనక్కర్లేదు.

“పడనీ. నీ నోరు నేను తెర్సలేను” అంది.

మూడో ఆదివారానికి ముందు ఇంట్లో గోడలకు సున్నం కొట్టారు. అమ్మ నాకు రవిక కుట్టించింది. నేను చెప్పవలసిన మాటలు డైరీలో రాసుకుని బట్టీ పట్టాను. ‘అయ్యగారూ, ఈ పెళ్ళికి అభ్యంతరం నాదే’ అని మొదలుపెట్టి ఆరు వాక్యాలు. శనివారానికి ఒక్క తప్పు లేకుండా వచ్చాయి.

ఆదివారం చర్చి నిండిపోయింది. మగవాళ్ళ వైపు ముందు వరసలో అతను కొత్త చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. నాయన కిటికీ పక్కన. అయ్యగారు కాగితం తీసి, ఇది మూడవది, చివరిది అన్నారు. మా పేర్లు చదివారు. అడ్డు చెప్పేవాళ్ళు ఉంటే చెప్పండి అన్నారు. ఎప్పటిలాగే తల ఎత్తకుండా కాగితం తిప్పబోయారు.

నేను లేచి నిలబడ్డాను. అమ్మ నా పైట కొంగు పట్టి లాగింది. అందరి తలలూ నా వైపు తిరిగాయి. ఆరు వాక్యాల్లో ఒక్కటీ లేదు. నోరు తెరిస్తే వచ్చింది ఒకటే.

“ఊహూఁ.”

“ఏమ్మా?” అన్నారు అయ్యగారు.

“ఊహూఁ” అన్నాను మళ్ళీ.

అతను సగం లేచాడు. ముఖంలో నా మీద జాలి, ఆదరణ. “భయపడింది అయ్యగారూ. శానా సిగ్గు పిల్ల. కాసిని నీళ్ళియ్యండి ఎవరన్నా” అన్నాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎవరో చెంబు అందించబోయారు. అయ్యగారు కూడా చిరునవ్వుతో కాగితం వైపు తల దించారు. ఇంకొక్క క్షణం అయితే అయిపోయేది.

“నేను ఇన్లేదు” అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అయ్యగారు తలెత్తారు. “ఏం ఇన్లేదమ్మా?”

“ఆయప్ప అడిగింది ఇన్లేదు. ఊ అన్నింది నిజమే. అప్పుడు నేను చాట కింద కథల పుస్తకం పెట్టుకుని చదువుకుంటాంటి. ఊ అనేది నాకు అలవాటు. ఏమడిగినాడో నాకు తెలీదు.”

నవ్వులు ఆగిపోయాయి. కిటికీ వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. అతను అట్లాగే సగం లేచి ఉన్నాడు. ముఖంలోంచి నవ్వు పోవడానికి చాలాసేపు పట్టింది. దీన్ని తన వైపు ఎట్లా తిప్పుకోవాలా అని వెతుకుతున్నట్టు నాకు కనిపించింది. దొరకలేదు. చివరికి చాలా మెల్లగా, చర్చిలో మేమిద్దరమే ఉన్నట్టు అడిగాడు.

“ఆ పొద్దు ఒక్కటేనా?”

ఊ అంటే సరిపోయేది. అతనికి కొంత మిగిలేది. నా గొంతు ఆ ఊ కోసం సిద్ధంగానే ఉంది. పళ్ళు బిగబట్టి దాన్ని ఆపాను.

“వచ్చినప్పుడల్లా” అన్నాను.

అతను కూర్చున్నాడు. అయ్యగారు కాగితం మడిచి, ఈ ప్రకటన చెల్లదన్నారు. పాట పాడుదాం అన్నారు. పాట ఎత్తుకోవలసినవాడు ఎత్తుకోలేదు. కాసేపు చూసి అయ్యగారే మొదలుపెట్టారు. శ్రుతి మరీ హెచ్చు పట్టారు. రెండో చరణానికే అందరి గొంతులూ జీరబోయాయి.

నాయన మా కంటే ముందు ఇంటికి నడిచి వెళ్ళాడు. వసారాలో చాట ఎత్తి చూశాడు. ఏమీ లేదు. నా వైపు చెయ్యి చాపాడు. బియ్యం కుండ వెనక నుంచి పత్రిక తెచ్చి ఇచ్చాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం దగ్గర కూడా అమ్మకే చెప్పేవాడు. ఈ పెళ్ళి తప్పింది, కర్నూలు కూడా తప్పిందని నేను డైరీలో రాసుకున్నాను. నాలుగో రోజు పొద్దున, చేతికర్ర తీసుకుని వాకిట్లోకి పోతూ అన్నాడు.

“అంతమంది ముందర నిజం చెప్తివి. నెలాఖరుకు బండి కట్టిస్తా. పెట్టె సర్దుకో. దాంట్లో కథల పుస్తకం కనపడిందంటే మల్లా ఇంటికే.”

బయలుదేరడానికి వారం ముందు అతను వచ్చాడు. నాయన దగ్గర తీసుకున్న వ్యాకరణం పుస్తకం తిరిగి ఇవ్వడానికి. నాయన పొలం పోయాడు. అవ్వ పుస్తకం అందుకుని పక్కన పెట్టింది. అతను మెట్టు ఎక్కలేదు, సైకిలు పట్టుకుని ఎండలోనే నిలబడ్డాడు. జుట్టు దువ్వుకోలేదు.

“ఏం కథ అది?” అని అడిగాడు.

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత చెప్పాను. ఒక పిల్ల, మేనమామ ఇంట్లో పెరిగింది. చెప్పాపెట్టకుండా ఒక తెల్లవారుజామున ఏటి ఒడ్డుకు వచ్చింది. నా జీవితంలో పరాయి మనిషితో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. అతను రోడ్డు వైపు చూస్తున్నాడు. ఒక్కసారి కూడా ఊ అనలేదు. వింటున్నాడో లేదో తెలియక నేను మధ్యలో ఆగిపోయాను.

“ఆపినావేం? ఇంటాండా” అన్నాడు.

చెప్పాను. పుట్టి నడి ఏట్లోకి పోయిందనీ, వాన మొదలైందనీ, ఆ పిల్లకు తెడ్డు వేయడం రాదనీ చెప్పాను.

“అవతలి ఒడ్డు చేరుకున్నిందా?”

“చివరి పుటలు చిరిగిపోయినాయి.”

“మల్ల ఎట్ల తెల్సేది?”

“తెలీదు” అన్నాను.

అతను తల ఊపాడు. జేబు మీద ఒకసారి చెయ్యి పెట్టుకున్నాడు, ఏదో తీయబోయినట్టు. తీయలేదు. సైకిలు ఎక్కకుండా, నడిపించుకుంటూ మలుపు దాకా పోయాడు. నేను రాసిన కాగితం అతని దగ్గరే ఉండిపోయింది. అతను ఇవ్వలేదు, నేను అడగలేదు.